మా నాయిన గుట్ట దిగేటప్పుడు గూడ ఎందుకు నడిచిండు

(ప్రపంచ సైకిల్ దినం నాడు అచ్చంపేటల కాలేజీ పిల్లల ముందు ఒక సైకిల్ మెకానిక్ మాట్లాడిన మాటలు. రికార్డింగ్ విని ఉన్నదున్నట్టు రాసింది.)

మైకు జర కిందికి దించు తమ్మీ, నా నోటికి అందుతలేదు. ఆఁ, చాలు చాలు. వెనక కూసున్నోళ్లకు వినవడ్తుందా? సరే.

మీ సారు ఫోన్ చేసి ఏమన్నడంటే, జూన్ 3 సైకిల్ దినం అన్నా, పిల్లలకు ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పాలె అన్నడు. నేను డాక్టర్ను గాదు సార్, పంక్చర్లేసేటోన్ని, నా మోకాలే ఒకటి సక్కగ లేదు, నేనేం చెప్తా ఆరోగ్యం గురించి అన్న. (నవ్వులు) అయితే నువ్వు సైకిల్ మీద ఒక్కనివే నల్లమల ఎక్కి వచ్చినవంట గదా, అది చెప్పు అన్నడు. అదైతే చెప్తా, అది నేను చేసిన పని గాబట్టి.

ఈ జూన్ 3 అనే రోజును ఐక్యరాజ్యసమితి 2018ల పెట్టింది. మంచిదే. కాని మా సైకిల్ షాపులోళ్లకు ఆ తారీఖు ఇంకోతీరుగ గుర్తుంటది. 2020ల సరిగ్గ ఇదే రోజు, సైకిల్ దినం నాడే, ఢిల్లీ పక్కన సాహిబాబాద్‌ల అట్లాస్ సైకిళ్ల ఫ్యాక్టరీ మూతవడ్డది. పొద్దున సైకిల్ దినం శుభాకాంక్షలని వాట్సాప్‌ల మెసేజ్ వచ్చె, తెల్లారి ఈ వార్త వచ్చె. నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే. ఎందుకంటే నా సైకిలు అట్లాసే, అది గూడ నేను కొన్నది గాదు, మా నాయిన కొన్నది.

మా నాయిన శ్రీశైలం డ్యాము పనికి పోయిన మనిషి. పాలమూరు లేబర్ అంటే మీకు తెలుసు గదా, ఈ దేశంల ఏ డ్యాము చూసినా మనోళ్ల తట్టలు మోసిన చెమట ఉంటది, నాగార్జునసాగర్ కాడ గూడ మనోళ్లే, శ్రీశైలం కాడ గూడ మనోళ్లే. అక్కడ కూలి పైసలు కూడవెట్టి ఎవని దగ్గరనో సెకండ్ హ్యాండ్‌ల ఈ సైకిల్ కొని, దాని మీద అర బస్తా జొన్నలు వేసుకొని అడివి నడుమ నుంచి ఇంటికొచ్చిండంట. ఈ కథ మేము చిన్నప్పుడు వంద సార్లు విన్నం. ఎక్కుడంతా నూక్కుంటనే వచ్చిన్రా, దిగుడు గూడ నడుసుకుంటనే దిగిన్రా అని చెప్పేటోడు. మేము పడి పడి నవ్వేటోళ్లం. దిగేటప్పుడు ఎవడన్నా నడుస్తడా, కూసుంటే అదే పోతది గదా అని. ఆయన ఏం చెప్పకపోయేది. మీకు తెల్వదు పోన్రి అనేటోడు, బీడి ముట్టించేటోడు.

ఆయన పోయి నాలుగేండ్లాయె. సైకిల్ షాపుల గోడకు వేలాడుతుండె. మొన్న డిసెంబర్‌ల ఒకరోజు దాన్ని దించి, తుడిచి, ఎందుకో అనిపించింది, ఇది వచ్చిన తొవ్వల ఒకసారి పోయి చూద్దాం అని. డ్యాము దాకా గాదు, అంత దూరం ఒక్కరోజుల పోయి రానీకి నాకు పానం చాలదు. వటవర్లపల్లి దాకా పోయి మలుపుకొని వద్దాం అనుకున్న. మన ఊరి నుంచి హాజీపూర్ చౌరస్తా, రంగాపూర్, మన్ననూర్, ఫరహాబాద్, వటవర్లపల్లి. పోను రాను వంద కిలోమీటర్లకు అటూఇటూ అయితది.

మా ఇంటిది ఏమన్నదంటే, బస్సుల పోయి దండం పెట్టుకొని రాక ఈ వయసుల ఏం రోగం నీకు అన్నది. నిజంగ నా దగ్గర జవాబు లేకుండె. తోడుకు ఎవరినన్న తీస్కపో అన్నది. అడిగిన, ఒకడు బైక్ మీద వెనక వస్తా అన్నడు, వద్దన్న. వాడు వెనక హారన్ కొట్టుకుంట వస్తుంటే నేను సైకిల్ తొక్కినట్టుంటదా, ఊరేగింపు తీరుగ ఉంటది.

ఇప్పుడు సైకిల్‌కు ఏం చేసిన్నో చెప్తా, మీరు సైన్స్ పిల్లలు గాబట్టి ఇది మీకు పనికొస్తది. నా సైకిల్‌కు ముందు చక్రం, అదే పెడల్ కాడ ఉండే పండ్ల చక్రం, దానికి 44 పండ్లు. వెనక టైరు కాడ ఉండే పండ్ల చక్రాన్ని ఫ్రీవీల్ అంటం, దానికి 18. పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక టైరు రెండున్నర చుట్లకు జర తక్కువ తిరుగుతది, అంటే ఐదు మీటర్ల పైన ముందుకు పోతది. సాపు రోడ్డు మీద అది మంచిగుంటది, ఘాట్ మీద చంపుతది. అందుకని 18 పండ్ల ఫ్రీవీల్ తీసేసి 22 పండ్లది ఎక్కించిన. చైను పొట్టి అయితది గాబట్టి రెండు లింకులు కలిపిన. ఇప్పుడు ఒక చుట్టుకు నాలుగు మీటర్ల పైచిలుకే పోతది, ఎక్కువ తిప్పాలె, కాని కాలు మీద బరువు దగ్గర దగ్గర ఐదింట ఒక వంతు తగ్గుతది. గేర్ సైకిల్ అని మీరు వేలకు వేలు పెట్టి కొనేది ఇదే, వాళ్లు ఏడు ఎనిమిది చక్రాలు ఒక్కకాడ పెట్టి అమ్ముతరు, నేను ఒక్కటి మార్చిన, అంతే తేడా. (నవ్వులు)

సద్దికి నాలుగు జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం, ఒక సంచి వేయించిన పల్లీలు, రెండు బాటిళ్ల నీళ్లు, ఒక దాంట్లె ఉప్పు నిమ్మకాయ. పంపు, సొల్యూషన్, ప్యాచు ముక్కలు, ఒక పానా. ఇంతే. ఏం మర్చిపోయిన్నో ముందు ముందు మీకే తెలుస్తది.

నాలుగున్నరకు ఎల్లిన. ఎముకలు కొరికే చలి, తలకు తువ్వాల చుట్టుకున్న. రంగాపూర్ కాడికి వచ్చేసరికి తూరుపు తెల్లవడుతుండె. అక్కడ గుట్ట మీద ఉమామహేశ్వరం ఉన్నది గదా, శ్రీశైలానికి ఉత్తర ద్వారం అంటరు. కిందికెల్లి దండం పెట్టుకొని ముందుకు పోయిన. మన్ననూర్ చెక్‌పోస్ట్ రాత్రి తొమ్మిదికి మూస్తరు, పొద్దున ఆరుకు తీస్తరు, జంతువులు తిరుగుతయి గాబట్టి. నేను పోయేసరికి గేటు తీసి కొంచెంసేపే అయినట్టున్నది, లారీలు, కార్లు అన్నీ ఒక్కపారి కదిలినయి. అక్కడున్న గార్డు నన్ను చూసి, యాడికి అన్నా ఈ డొక్కు సైకిల్ మీద అన్నడు. వటవర్లపల్లి అన్న. ఏం పని అన్నడు. ఏం పని లేదు అన్న. నా మొకం దిక్కు ఒక నిమిషం చూసి, రోడ్డు దిగకు, చీకటి పడకముందే బయటికి రా అన్నడు. మంచి మనిషి.

మన్ననూర్ దాటినంక అసలు ఎక్కుడు మొదలైతది. బస్సుల కూసుంటే మీకు ఆ ఎక్కుడు తెల్వదు. సైకిల్ మీద అయితే రోడ్డు సాపుగ కనవడే కాడ గూడ ఎక్కుడే ఉంటది, కండ్లు మోసం చేస్తయి, కాళ్లు చెయ్యవు. కార్లు పోయినంక మధ్యల ఒక ఐదు పది నిమిషాలు ఏ బండీ రాదు, అప్పుడు వినవడుతది చూడున్రి, ఎండిన టేకాకు మీద ఏదో ఉరికిన చప్పుడు, ఎక్కడ్నో నెమలి అరుపు, నా చైను కిర్రు కిర్రు, నా ఊపిరి. కొండముచ్చులు రోడ్డు పక్కన గోడ మీద వరుసగ కూసొని, ఈడెవడ్రా ఇట్ల రొప్పుతుండు అన్నట్టు చూస్తున్నయి. కార్లల్లకెల్లి జనం బిస్కెట్లు ఇసిరేసి ఇసిరేసి కోతులను రోడ్డుకు అలవాటు చేసిన్రు, అవి బండ్ల కింద పడి చస్తయి. పుణ్యం అనుకొని చేస్తరు, అది పుణ్యం గాదు.

మనం పోయే ఈ అడివే అమ్రాబాద్ పెద్దపులుల అభయారణ్యం. ముందు నాగార్జునసాగర్ శ్రీశైలం కింద, 1983 నుంచి ఉండె, రాష్ట్రం విడిపోయినంక 2015ల మన దిక్కుది వేరుగ అమ్రాబాద్ అయింది. మొత్తం 2,600 చదరపు కిలోమీటర్ల పైన. పులి కనవడ్డదా అని అందరు అడుగుతరు. కనవడలే. కనవడితే ఈ మైకు ముందు నేను ఉండకపోతుంటి. (నవ్వులు) నాకు పులి భయం గాదు, గుడ్డెలుగు భయం. అది ఎదురైతే సైకిల్ గీకిల్ ఏం చూడదు.

ఫరహాబాద్ ఇంక కొంచెం దూరం ఉన్నదనంగ, కుడి పెడల్ తొక్కినప్పుడల్లా టక్కుమంటుంది. ఒక చుట్టు, టక్. ఇంకో చుట్టు, టక్. నాకు తెలుసు అదేందో, ముప్పై ఏండ్ల సంది వింటున్న చప్పుడు. కాటర్ పిన్ లూజైంది. పెడల్ రాడ్డును ఇరుసుకు పట్టి ఉంచే చిన్న మేకు అది, మన చిటికెన వేలంత ఉంటది, ఒక పక్క చదునుగ అరగదీసి ఉంటది. అది వదులైనంక తొక్కితే ఆ చదును పక్క అరిగిపోయి పెడల్ ఒక్కపారి జారుతది, అట్ల పళ్లు రాలగొట్టుకున్నోళ్లను చూసిన నేను. దాన్ని సుత్తెతోని కొట్టి లోపలికి దించి, అవుతలి పక్కకెల్లి నట్టు బిగించాలె. ఉత్తగ నట్టు బిగిస్తే మర పోతది గాని పిన్ కదలదు. నా దగ్గర పానా ఉన్నది. సుత్తె లేదు. ఈ ఊర్ల ఎంతమందికి చెప్పిన్నో నేను, దూరం పోతే సుత్తె పెట్టుకొని పోన్రి అని.

రాయితోని కొట్టిన. రాయి పగిలింది. ఇంకో రాయి తెచ్చిన, అది పక్కకు జారి నా బొటనవేలు మీద పడ్డది. ఇదిగో ఈ గోరు ఇప్పటికి నల్లగనే ఉన్నది, ముందు వరుసోళ్లకు కనవడుతది. అట్ల కూసొని వేలు నోట్లె పెట్టుకొని ఉంటే, ఒక పెద్దమనిషి వచ్చిండు అడివిలకెల్లి, చెంచాయన, భుజాన గొడ్డలి, నడుముకు చిన్న సంచి. నిలవడి చూసిండు.

ఏమాయె బండికి, అన్నడు.

మేకు ఊడింది తాతా, కొట్టనీకి ఏం లేదు అన్న.

ఆయన ఏం మాట్లాడలే. గొడ్డలి తిప్పి, వెనక మొద్దు పక్క నా దిక్కు పెట్టిండు. నేను పెడల్ కింద ఒక రాయి ఆనిచ్చిన, ఆయన రెండే రెండు దెబ్బలు, టప్ టప్, మేకు దిగింది. ముప్పై ఏండ్ల మెకానిక్‌ను నేను, నాకు గూడ రెండు దెబ్బలల్ల అంత సక్కగ దిగదు. నేను నట్టు బిగించిన. పల్లీలు పెట్టిన, ఒక గుప్పెడు తీసుకున్నడు. ఎటు పోతున్నవ్ అన్నడు. వటవర్లపల్లి దాకా పోయి వెనక్కి వస్తా అన్న. అక్కడ ఎవరున్నరు అన్నడు. ఎవరు లేరు తాతా, ఊకెనే అన్న. ఊకెనేనా, అని ఒక్కసారి నవ్విండు. తర్వాత చెప్పిండు, నేను మన్ననూర్‌కు పోయొస్తా వారానికొకసారి, నడుసుకుంటనే అని. నాకు నోరు పడిపోయింది. మీరు నాకు చప్పట్లు కొట్టనీకి పిలిచిన్రు, ఆయనను ఎవరు పిలుస్తరు. ఆయన పేరు అడుగుడు మర్చిపోయిన, అది నా తప్పు.

వటవర్లపల్లి చేరేసరికి పన్నెండు దాటింది. చాయ తాగిన, రొట్టెలు తిన్న, చెట్టు కింద అరగంట పండుకున్న. మల్లెలతీర్థం జలపాతం పక్కనే గదా పోకపోయినవా అని అడిగిన్రు కొంతమంది. పోలే. కాళ్లు ఒప్పుకోలే, పొద్దు ఒప్పుకోలే.

ఇగ అసలు సంగతికి వస్తా. దిగుడు.

నా షాపుకు ఫిజిక్స్ సారు ఒకాయన వస్తడు, స్కూటర్ అమ్మేసి సైకిల్ కొన్నడు, ఆయనకు ప్రతిదానికి లెక్క కావాలె. నేను వచ్చినంక ఆయనకు ఇదంతా చెప్తే కాయితం మీద లెక్క వేసి చూపించిండు. నేను, సైకిలు, సంచి కలిపి 95 కిలోలు అనుకో. నూరు మీటర్ల ఎత్తుకు ఎక్కియ్యాలంటే 93 వేల జౌళ్ల శక్తి కావాలె. ఒంట్లె తిన్నదాంట్లె నాలుగింట ఒక వంతే పనికి పోతది, కడమదంతా వేడి. ఆ లెక్కన నూరు మీటర్లు ఎక్కనీకి 90 కేలరీలు. ఎన్ని పల్లీలు అయ్యా అవి అంటే, పదహారు గ్రాములు, అంటే ఒక పాతిక గింజలు! నేను నమ్మలే. నేను సంచెడు తిన్న సారూ అన్న. అది రోడ్డు రాపిడికి, గాలికి, నీ తిండిపోతు బుద్ధికి అన్నడు. (నవ్వులు)

సరే, ఎక్కేటప్పుడు ఆ 93 వేలు నేను కూడవెట్టిన. అవి యాడికి పోవు, గుట్ట మీద నేను కూసున్నంతసేపు నాతోనే ఉంటయి. దిగేటప్పుడు బయటికి వస్తయి. గాలి, రాపిడి, బ్రేకు ఏం లేకపోతే నూరు మీటర్లు కిందికి దిగేసరికి గంటకు 150 కిలోమీటర్ల పైన స్పీడ్ ఉంటదంట. గాలి కొంత ఆపుతది, కడమ మొత్తం యాడికి పోవాలె? నాలుగు రబ్బరు ముక్కలల్లకు. ముందు రెండు, వెనక రెండు, నా బొటనవేలంత లేవు. మనం తిన్న పల్లీలన్నీ ఆ నాలుగు రబ్బర్ల కింద కాలాలె అన్నట్టు.

నాకు ఆ రోజు ఈ లెక్క తెల్వదు. నాకు తెలిసింది వాసన. ఫరహాబాద్ దాటి మన్ననూర్ దిక్కు దిగుతున్న, మస్తుగుంది, చల్లటి గాలి, పొద్దుటి నుంచి పడ్డ కష్టమంతా మర్చిపోయిన, ఎనుకట పోరగాండ్ల తీరుగ రెండు కాళ్లు జాపి కూసున్న. ఒక మలుపు వచ్చింది, బ్రేకు పట్టిన, ఆగింది. ఇంకో మలుపు, పట్టిన, జర ఆలస్యంగ ఆగింది. మూడోది వచ్చేసరికి బ్రేకు రాడ్డు హ్యాండిల్‌కు అంటుకుంది గాని బండి పోతనే ఉన్నది, ఎదురుంగ బస్సు. రబ్బరు కాలిన వాసన కొట్టింది ముక్కుకు, పంక్చర్ షాపుల ప్యాచు కాలబెడితే వచ్చే వాసనే. అదెట్లనో ఎడమ కాలు చెప్పు రోడ్డుకు ఆనిచ్చి, లోపలి పక్క మట్టిలకు దించిన. చెప్పు అడుగు సగం పోయింది. బస్సు డ్రైవర్ తల బయటికి పెట్టి తిట్టిండు, ఏం తిట్టిండో ఆడపిల్లలున్నరు గాబట్టి చెప్పను. ఆయన తిట్టింది కరెక్టే.

దిగి రిమ్ము మీద వేలు పెట్టిన. చురుక్కుమన్నది. బాటిల్‌ల నీళ్లు పోద్దామని మూత తీసిన, తీసి ఆగిన, స్టీల్ రిమ్ము తడిస్తే బ్రేకు అసలే పట్టదు, వానాకాలంల షాపుకు వచ్చేటోళ్లకు నేనే చెప్తా. ఊకె కూసున్న చల్లారేదాక. అప్పుడు యాదికొచ్చింది మా నాయిన. అర బస్తా జొన్నలు వెనక, ఇదే సైకిలు, ఇవే రాడ్ బ్రేకులు. దిగుడు గూడ నడుసుకుంటనే దిగిన్రా. మేము నవ్వినం.

అక్కడ్నుంచి నిలువు దిగుడు ఉన్నకాడల్లా దిగి నడిచిన. కార్లల్ల పిల్లలు నన్ను చూసి నవ్విన్రు. నవ్వనీ. సాపున్న కాడ ఎక్కేటోన్ని, అది గూడ బ్రేకు పట్టుకొని కూసోకుండ, పట్టు వదులు పట్టు వదులు, మధ్యల రిమ్ముకు గాలి తగలనిచ్చి, ముందుది వెనుకది కలిపి పట్టి. ఐదున్నరకు చెక్‌పోస్ట్ దాటిన. పొద్దున్నోడే ఉండె గార్డు, వచ్చినవా, అన్నడు. వచ్చిన అన్న. ఇంటికి చేరేసరికి ఎనిమిదాయె. మా ఇంటిది చెప్పు చూసి, ఇదేంది ఇట్లయింది అన్నది, అడివిల కుక్క కొరికింది అన్న. ఇప్పుడు తెలుస్తది లెండి ఆమెకు. (నవ్వులు)

ఏమన్న అడుగుతరా? ఆ చెల్లె ఏదో అడుగుతుంది.

(ఒక విద్యార్థిని: అన్నా, డిస్క్ బ్రేకుల సైకిల్ అయితే ఈ బాధ ఉండదు గదా?)

మంచి ప్రశ్న. రిమ్ము కాలకుండ ఉంటది, వానల గూడ పడుతది, నిజమే. కాని వేడి యాడికి పోతదమ్మా, డిస్కుకు పోతది. పట్టుకొని కూసుంటే అది గూడ కాలుతది. ఘాట్‌ల లారీలోళ్లు చిన్న గేర్‌ల దిగేది అందుకే. అయినా నీకు కొనిస్తాంటే డిస్క్ బ్రేకుదే కొనుక్కో, నేను వద్దనను.

ఇంకా? లేకపోతే నేను చెప్తా అన్న స్టాండ్ సంగతి... అయ్యో, చెప్తా అని అనలేదా? లోపలికి వచ్చేటప్పుడు మీ సైకిల్ స్టాండ్ కాడ ఒక పది నిమిషాలు నిలవడ్డ, అలవాటు నాకు. ఇరవై ఆరు సైకిళ్లున్నయి. తొమ్మిదింటికి వెనక బ్రేకు రబ్బర్లు లేవు, ఉత్త ఇనుము రిమ్ముకు రాస్తుంది. ఒక ఎర్ర సైకిల్‌కు ముందు బ్రేకు వైరే లేదు, కట్టె ముక్క కట్టిన్రు. ఎవలది అది? చెయ్యి ఎత్తు, ఏం అనను. ఆ, నువ్వా. యాడికెల్లి వస్తవ్ బిడ్డా? రంగాపూర్ నుంచా? సరే, మీటింగ్ అయినంక బయట వేపచెట్టు కింద ఉంటా, సంచిల రబ్బర్లు వైర్లు తెచ్చిన, సుత్తె గూడ తెచ్చిన ఈసారి. (నవ్వులు, చప్పట్లు) ఆ తొమ్మిది మంది గూడ వరుసగ రాన్రి, పైసలేం వద్దు. బెల్లు కొట్టకముందే అయిపోవాలె, మైకు తీసుకో తమ్మీ.